నిలువు గడియారం ఉన్నవాళ్లు విశాఖ వన్‌టౌన్‌లో ఈ షాపుకు వెళ్లండి

కురుపాం మార్కెట్ దగ్గర సందులో, బోర్డు కూడా లేని ఒక గడియారాల షాపు గురించి రాస్తున్నాను. చేతివాచీకి సెల్లు వేయించుకోడానికైతే అంతదూరం అక్కర్లేదు, జగదాంబ జంక్షన్లో బోలెడున్నాయి. మీ ఇంట్లో పాతకాలపు నిలువు గడియారం ఆగిపోయి మూల నుంచుని ఉంటే మాత్రం చదవండి.

మాది మావగారి వైపు నుంచి వచ్చింది. ఏడడుగుల ఓక్ పెట్టె, తెల్ల డయల్. ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచే మిషను, గంటలు కొడుతుంది. నేను షిప్‌యార్డ్ మెషిన్ షాపులో చేసి రిటైరైనవాణ్ణి. అంతకుముందు ఒకచోట చూపిస్తే లోపలిదంతా తీసేసి బ్యాటరీ మిషను పెట్టేస్తామన్నారు. దండం పెట్టి వచ్చేశాను.

ఈ షాపాయన పెద్దవారు. మిషను బల్లమీద పెట్టగానే డయల్ వెనక ఇనప పలక మీద టార్చి వేశారు. పోతపోసిన అక్షరాల్లో విల్సన్ అని ఉంది. "ముందు రాసున్న పేరు సాధారణంగా అమ్మినోడిది బాబూ. వెనకాల కూడా చూడాల" అన్నారు. బర్మింగ్‌హామ్‌లో ఆస్బోర్న్, విల్సన్ అనే ఇద్దరు కలిసి 1772లో ఈ రంగువేసిన తెల్ల డయళ్లు అమ్మడం మొదలుపెట్టి, 1777లో విడిపోయారు. ఒక్క విల్సన్ పేరే ఉంది కాబట్టి మాది ఆ తరవాతిది. పెట్టె ఒకరు, డయల్ ఇంకొకరు, పేరు దుకాణదారుది. సబ్‌కాంట్రాక్టులు అప్పటికే ఉన్నాయన్నమాట.

ఇక అసలు పని. గడియారాన్ని నడిపే వేలాడే బరువు ఎప్పుడూ ఒకేవైపు లాగుతుంది కదా, ఇత్తడి ప్లేట్లలో ఇరుసులు తిరిగే రంధ్రాలు అరిగి కోడిగుడ్డులా సాగిపోయాయి. ఆయన రంధ్రం తొలిచే సన్నటి రీమరు చేత్తోనే తిప్పి రంధ్రాన్ని గుండ్రంగా చేసి, ఇత్తడి బుష్ (చిన్న గొట్టం) బిగించి, ప్లేటుకు సమంగా అరగదీశారు. భూతద్దం పెట్టి వెతికినా అతుకు దొరకలేదు నాకు. బాగున్న రంధ్రాల జోలికి పోలేదు. "అన్నిటికీ బుష్షులేసేస్తే బిల్లు పెరుగుతాది, గడియారం పాడవుతాది."

లోలకంతోపాటు ఊగుతూ పళ్లచక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున ఆపి వదిలే ముక్కను యాంకర్ అంటారు, దాని రెండు కొసల మీదా గాళ్లు పడ్డాయి. పడవా మరి? సెకనుకొకటి చొప్పున రోజుకు 86,400 దెబ్బలు. ఆ గాళ్లను రాయి మీద అరగదీసి నున్నగా చేశారు. నిలువు గడియారం పుట్టిందే ఈ యాంకర్ వల్ల. 1656లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ గడియారానికి లోలకం తగిలించినప్పుడు దాని ఊపు చాలా పెద్దది. యాంకర్ వచ్చాక ఊపు నాలుగైదు డిగ్రీలకు తగ్గింది, దాదాపు మీటరు పొడవున్న లోలకం కూడా సన్నటి పెట్టెలో ఇమిడిపోయింది. ఇది ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ ఆలోచనా, అక్కడే గడియారాలు చేసిన విలియం క్లెమెంట్ ఆలోచనా అన్న తగువు ఇంకా తేలలేదు.

నూనె ఇరుసులకే, అదీ ఒక్క చుక్క. పళ్లకు వద్దన్నారు, దుమ్ము పట్టి సానరాయి పనిచేస్తుందట. పళ్లచక్రానికి గ్రీజు లేకపోతే మా షాపులో మెమో ఇచ్చేవారు! కానీ ఆయన చెప్పింది సబబే. అక్కడ మోటారు లేదు, వేలాడే బరువే దిక్కు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి. ఇంగ్లండు నుంచి వచ్చిన గడియారాలు ఇక్కడ వెనకబడతాయని, అందుకే లోలకం గుండు కాస్త పైకెత్తుతానని మామూలుగా అనేశారు. ఇంటికొచ్చి లెక్కేశాను. లండన్ కంటే మన దగ్గర గురుత్వాకర్షణ కొంచెం తక్కువ. అక్కడ సరిగ్గా నడిచే లోలకం విశాఖలో రోజుకు సుమారు 2 నిమిషాలు వెనకబడాలి. గుండు 2.7 మిల్లీమీటర్లు ఎత్తి లోలకాన్ని ఆ మేరకు పొట్టి చేస్తే వేగం పెరిగి సరిపోతుంది. 1672లో దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖ దగ్గరున్న కయెన్ వెళ్లిన ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్ రిషే తన గడియారం రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడటం చూసి తలపట్టుకున్నది ఇందుకే. ఈయన ఏ పుస్తకమూ చదవలేదు, చెయ్యి చెప్పింది.

లోపాలూ ఉన్నాయి. చెప్పిన తారీకుకు ఇవ్వరు, ఫోనెత్తరు, రసీదు ఇవ్వరు. బిగించి వెళ్లాక మొదటి వారంలోనే గడియారం ఆగిపోయింది. కబురు పంపితే సాయంత్రానికే వచ్చారు. బరువులు దిగుతూ దిగుతూ లోలకం గుండు ఎత్తుకు వచ్చేసరికి అవీ ఊగడం మొదలెడతాయి, పెట్టె కదులుతుంటే లోలకం ఊపంతా అవే లాగేసుకుంటాయి. వెనక చెక్కను గోడకు స్క్రూలతో బిగించారు, అప్పట్నుంచి ఆగలేదు. ఆ పని మొదటిరోజే చేసుండాల్సింది. అడిగితే నవ్వారు, అదనంగా తీసుకోలేదు.

పెట్టె పని ఆయన చెయ్యరు. ఆయన పంపిన వడ్రంగి అద్దంలా మెరిసే పాలిష్ కొడతానన్నాడు, నేను ఒప్పుకోలేదు. దంతం పొదిగిన విశాఖ పెట్టెలు లండన్ మ్యూజియంలో పెట్టుకున్నారు, మన ఊళ్లో పాత చెక్కకు మైనం రుద్దే మనిషి కోసం వెతుక్కోవాలి.

మొత్తం 18,000 అయింది, రానూపోనూ ఆటో ట్రాలీ వేరే. మిషను పనికి ఐదుకు ఐదు, మాట నిలబెట్టుకోడానికి రెండు. వెళ్లేటప్పుడు మిషనుతోపాటు లోలకం, బరువులు కూడా పట్టుకెళ్లండి, అవి లేకుండా ఆయన చెయ్యి వెయ్యరు. ఆదివారం సెలవు.