పోగు తెగితే ఆగే మగ్గం: పద్నాలుగేళ్లు నేను నడిపిన ఇన్నోవా, టొయోటా పేరు వెనక కథ

మాది మంగళగిరి. నేత కుటుంబం. మా నాన్న గుంట మగ్గం మీద నలభై ఏళ్లు నేశారు. నేను నేయను. నేసినవాళ్ల దగ్గర చీరలు తీసుకుని హైదరాబాద్, బెంగళూరు షాపులకు వేస్తాను. ఆ పని కోసమే 2011లో ఒక సెకండ్ హ్యాండ్ టొయోటా ఇన్నోవా కొన్నాను. 2008 మోడల్, రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజన్, ఎనిమిది సీట్లు. కొన్నరోజు మీటర్ మీద 1,08,000 కిలోమీటర్లు ఉంది. ఇవాళ 3,91,000 దాటింది.

ఇన్నేళ్లలో నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే, టొయోటాకి అంత పేరు ఎందుకని. ఇంజన్ గట్టిది, రిపేర్లు రావు, అమ్మితే మంచి రేటు వస్తుంది అని నేనూ అందరిలాగే చెప్పేవాణ్ని. అవన్నీ నిజమే. కానీ అసలు సంగతి అది కాదని ఒక రాత్రి నకిరేకల్ దగ్గర రోడ్డు పక్కన నిలబడ్డాక తెలిసింది.

హైదరాబాద్‌లో సరుకు దింపి తిరిగొస్తున్నాం. బండిలో నేనూ, మా బావమరిదీ. ఊరు దాటాక దారిలో ఒక బంకులో డీజిల్ కొట్టించాం. ఓ గంట నడిచిందో లేదో, మీటర్ బోర్డులో ఎప్పుడూ చూడని దీపం వెలిగింది. బండి మాత్రం మామూలుగానే లాగుతోంది. "బావా, నడుస్తోంది కదా, పోనీ. ఇంటికెళ్లి పొద్దున చూపిద్దాం" అన్నాడు వాడు. నాకు మనసొప్పలేదు, పక్కకు తీసి ఆపేశాను. రాత్రి పదిన్నరకి ఫోన్ల మీద ఫోన్లు చేస్తే లారీలు చూసే ఒక మెకానిక్ దొరికాడు.

ఆయన బానెట్ ఎత్తి ఆ దీపం డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు చేరాయని చెప్పేదన్నాడు. వాటర్ బాటిల్‌ని అడ్డంగా కోసి ఫిల్టర్ కింద పెట్టి, అడుగున ఉన్న ప్లగ్గు కొంచెం వదులు చేశాడు. టార్చ్ వెలుగులో చూస్తుంటే ముందు తెల్లటి నీళ్లు, తర్వాత డీజిల్ దిగాయి. బాటిల్‌లో రెండూ కలవకుండా పొరలుగా నిలబడ్డాయి, నీళ్లు కింద, డీజిల్ పైన. ప్లగ్గు బిగించి, ఫిల్టర్ నెత్తిన ఉన్న చిన్న పంపుని అది గట్టిపడేదాకా అరచేత్తో నొక్కాడు. "ఇట్లనే పోయుంటే ఇంజెక్టర్లు ఖతమైతుండె అన్నా. ఆపి మంచి పని చేసినవ్" అన్నాడు. నాలుగు వందలు తీసుకున్నాడు. డీజిల్‌ని ఇంజన్‌లోకి చిమ్మే ఆ ఇంజెక్టర్లే పోయి ఉంటే ఆ ఏడాది నా లాభం అందులోనే పోయేది.

చెడు ఇంజన్ దాకా వెళ్లకముందే బండి చెప్పింది, నేను ఆపాను. ఆ తర్వాత ఈ కంపెనీ ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసుకోవాలనిపించి చదవడం మొదలుపెట్టాను. చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. టొయోటా పుట్టింది మగ్గం దగ్గర.

సాకిచి టొయోడా 1867లో జపాన్‌లో ఇప్పటి షిజువోకా ప్రాంతంలోని ఒక పల్లెలో వడ్రంగి కొడుకుగా పుట్టాడు. తల్లి మగ్గం మీద పడే కష్టం చూసి, తండ్రి నేర్పిన చెక్కపనితో మగ్గాన్ని బాగుచేయాలని కూర్చున్నాడు. 1890లో ఒక చెక్క మగ్గం, తర్వాత ఏడెనిమిదేళ్లలో మరమగ్గం, చివరికి 1924లో జీ టైప్ ఆటోమేటిక్ మగ్గం. అడ్డపోగు నూలు చుట్టిన కండె అయిపోతే, దాన్ని అటూ ఇటూ మోసే నాడెని ఈ మగ్గం ఆగకుండానే తీసేసి కొత్తది వేసుకునేది. అంతకన్నా గొప్ప సంగతి, పోగు తెగితే తనంతట తానే ఆగిపోయేది.

నేత ఇళ్లలో పుట్టినవాళ్లకి ఇది ఎంత పెద్ద మాటో తెలుస్తుంది. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఒక్క పోగు తెగింది చూసుకోకపోతే, చీర పొడవునా సన్నని చార పడుతుంది. సాయంత్రం బట్ట చుట్టేటప్పుడు కనిపిస్తుంది, అప్పటికి మూర బట్ట దండగైపోయి ఉంటుంది. మా నాన్న కళ్లు ఎప్పుడూ పడుగు మీదే ఉండేవి. మేం ఎంత పిలిచినా తల తిప్పేవారు కాదు. చిన్నప్పుడు కోపం వచ్చేది, ఇప్పుడు అర్థమవుతోంది.

ఈ కథ ఆయనకు చెప్పాను. మగ్గం ఎంత వేగంగా నేస్తుందని అడగలేదు. "పోగు తెగిందని మగ్గానికి ఎట్లా తెలుస్తుందిరా?" అన్నారు. ఒక్కో పడుగు పోగు మీద ఒక్కో సన్నని రేకు వేలాడుతూ ఉంటుందని, పోగు బిగువుగా ఉన్నంతసేపు రేకు పైనే నిలుస్తుందని, తెగితే కిందపడి మగ్గాన్ని ఆపేస్తుందని చెప్పాను. చాలాసేపు ఆలోచించారు. "నేత పక్కన పెరిగినవాడికే వస్తుంది ఆ ఆలోచన" అన్నారు.

అప్పటిదాకా ప్రపంచానికి మగ్గాలు అమ్మింది ఇంగ్లండ్. 1929లో ఇంగ్లండ్‌కే చెందిన ప్లాట్ బ్రదర్స్ సంస్థ ఈ మగ్గం పేటెంట్ హక్కులు కొనుక్కుంది. మరుసటి ఏడాది సాకిచి చనిపోయారు. కొడుకు కిచిరో 1933లో మగ్గాల ఫ్యాక్టరీలోనే ఒక మూల మోటారు విభాగం పెట్టారు. 1936లో ఏఏ అనే మొదటి కారు వచ్చింది. ఆ ఏడాదే టొయోడా పేరు టొయోటాగా మారింది, జపాన్ లిపిలో ఆ పేరు రాయడానికి ఎనిమిది గీతలు పడతాయి, ఎనిమిది వాళ్లకు శుభం. 1937 ఆగస్టులో మోటారు కంపెనీ విడిగా నిలబడింది.

1950లో దివాలా అంచుకు వెళ్లింది. కార్మికులను తీసేయాల్సి వస్తే, ఆ బాధ్యత నెత్తిన వేసుకుని కిచిరో రాజీనామా చేశారు. రెండేళ్లకే పోయారు. ఆ తర్వాత కంపెనీని నిలబెట్టిన పని పద్ధతికి ప్రాణం పోసింది తైచి ఓనో. ఆయనా ముందు టొయోడా వాళ్ల నూలు, నేత కంపెనీలో పనిచేసి కార్లకు వచ్చినవాడే. కార్లు బిగించే వరసలో తప్పు కనిపిస్తే అక్కడున్న మామూలు కార్మికుడు కూడా తాడు లాగి పని ఆపించవచ్చు. తప్పుని తర్వాతి మనిషికి పంపకూడదు. నా దృష్టిలో మగ్గం మీద పడ్డ ఆ రేకే ఫ్యాక్టరీలో తాడు అయింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మరమగ్గం మా నోటి దగ్గర కూడు లాక్కుంది. మా వీధిలో ఇరవై మగ్గాలు ఆడేవి, ఇప్పుడు మూడు. మంగళగిరి అంచు పెట్టి మరమగ్గం చీరలు సగం ధరకు అమ్ముతున్నారు. సాకిచిని మెచ్చుకుంటున్నప్పుడల్లా ఈ బాధ నాలో కదులుతుంది. తల్లి కష్టం తగ్గించాలని మొదలైన యంత్రం ఎందరో తల్లుల పని తీసేసింది. రెండూ నిజమే, నేను రెండింటినీ మోస్తాను.

మన ఊళ్లలోకి టొయోటా ఎలా వచ్చిందో కూడా చాలామందికి తెలియదు. చిన్న లారీని మనం ఇప్పటికీ ఏమంటాం? డీసీఎం. ఏ కంపెనీదైనా సరే, పేపర్లో "డీసీఎం బోల్తా" అనే రాస్తారు. ఆ డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్. 1980లలో ఆ బట్టల మిల్లు సంస్థ టొయోటాతో కలిసి డీసీఎం టొయోటా పేరుతో లారీలు చేసింది. కంపెనీ చేతులు మారి పోయింది, పేరు మాత్రం మన భాషలో ఉండిపోయింది. చిన్నప్పుడు మా వీధికి నూలు బేళ్లు వచ్చింది ఆ బండ్లలోనే. తర్వాత 1995లో టొయోటా వాళ్లు కిర్లోస్కర్ కంపెనీతో కలిసి బెంగళూరు దగ్గర నూలు వడికే యంత్రాల ఫ్యాక్టరీ పెట్టారు. 1997లో కార్ల కంపెనీ వచ్చింది, ఫ్యాక్టరీ బిడదిలో. అంటే మన దేశానికి కూడా కారుకన్నా ముందు నూలే వచ్చింది.

2000లో క్వాలిస్. ఇండోనేషియాలో కిజంగ్ పేరుతో అమ్మిన బండి అది, కిజంగ్ అంటే అక్కడ జింక. చూడ్డానికి పాత డబ్బాలా ఉందని అందరూ పెదవి విరిచారు. కానీ టాక్సీవాళ్లు, హైదరాబాద్ కాల్ సెంటర్ల ట్రిప్పులవాళ్లు దాన్ని వదల్లేదు. బాగా అమ్ముడవుతున్న బండిని 2005లో ఆపేసి ఇన్నోవా తెచ్చారు. ఆ తర్వాత చరిత్ర మన కళ్లముందే జరిగింది. పెళ్లివారి బండి ఇన్నోవా, ఎమ్మెల్యే గారి కాన్వాయ్ ఇన్నోవా, శబరిమల మాల వేసుకున్న స్వాముల బండి ఇన్నోవా. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో హైదరాబాద్ పోలీసులకు ఇచ్చిన కొత్త బండ్లు కూడా ఇన్నోవాలే.

ఇక నా బండి సంగతి. 102 హార్స్‌పవర్ అంటే ఇప్పటి కార్ల ముందు తక్కువే. హైవే మీద ఓవర్‌టేక్ చేయాలంటే ముందే లెక్క వేసుకోవాలి. కానీ ఎనిమిది మందితో దోర్నాల ఘాట్ ఎక్కి శ్రీశైలం వెళ్లినప్పుడు సెకండ్ గేర్‌లో మెత్తగా లాగుతుంది, ఎక్కడా ఆయాసపడదు. మైలేజీ హైవేలో 12, ఊళ్లో 10. ఆయిల్ ప్రతి ఏడెనిమిది వేలకీ మార్పిస్తాను, ఈ ఒక్క విషయంలో మాత్రం వాయిదా వేయను. టైమింగ్ బెల్ట్ కొనగానే మార్పించాను, రెండు లక్షల దగ్గర మళ్లీ, మూడు లక్షల దగ్గర మళ్లీ. క్లచ్ 1,90,000 దగ్గర. సస్పెన్షన్ బుష్‌లు మూడుసార్లు, మా వైపు రోడ్ల మీద అది మామూలే. ఇంజన్ ఇంతవరకు విప్పలేదు.

మధ్య వరస సీటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని కూర్చుని మా నాన్నకు మోకాళ్లు అరిగిపోయాయి. చిన్న కార్లలో కిందికి కూలబడి కూర్చోవాలి, జీపుల్లో పైకి ఎక్కాలి. ఇందులో సీటు ఆయన నడుముకు సరిగ్గా వస్తుంది, పక్కకు జరిగితే చాలు. సరుకు ఉన్న రోజు వెనక వరస మడిచేస్తే చీరల మూటలు బాగానే పడతాయి.

లోటు అంటే భద్రత. ఆ కాలంలో కింది వేరియంట్లలో ఎయిర్‌బ్యాగులు ఉండేవి కావు. అప్పుడు దాదాపు అన్ని బండ్లదీ అదే కథ, కానీ ఇవాళ కొనేవాళ్లు ఇది తేలిగ్గా తీసుకోవద్దు. నేను మా పిల్లల్ని రాత్రి ప్రయాణాలకు ఇందులో తీసుకెళ్లడం మానేశాను.

కంపెనీ పేరుకీ మచ్చలు లేకపోలేదు. 1957లో అమెరికాకు పంపిన క్రౌన్ కారు అక్కడి హైవేల వేగానికి తట్టుకోలేకపోయింది. 2009, 2010లో బండ్లు వాటంతట అవే వేగం అందుకుంటున్నాయన్న ఫిర్యాదుల మీద లక్షల కార్లు వెనక్కి పిలిపించారు. సాకిచి మునిమనవడు అకియో టొయోడా అమెరికా కాంగ్రెస్ ముందు కూర్చుని, తాము మరీ వేగంగా పెరిగామేమోనని ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. భద్రత సంగతులు దాచినందుకు 2014లో అక్కడి ప్రభుత్వానికి 120 కోట్ల డాలర్లు కట్టారు. 2024 జనవరిలో ఇంకొకటి. డీజిల్ ఇంజన్ల పవర్ పరీక్షల్లో, అమ్మే బండిలో ఉండే సాఫ్ట్‌వేర్ కాకుండా వేరేది వాడారని బయటపడింది. మన దేశంలో ఆ ఇంజన్లున్న ఇన్నోవా క్రిస్టా, ఫార్చునర్, హైలక్స్ బండ్లను షోరూములకు పంపడం కొన్నాళ్లు ఆపేసి, మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఇంజన్లు చేసింది టొయోటా ఇండస్ట్రీస్, అంటే సాకిచి 1926లో పెట్టిన మగ్గాల కంపెనీయే. అది చదివిన రోజు నాకు నిజంగా బాధేసింది. సొంత ఇంట్లో పోగు తెగితే అన్నాళ్లు ఎవరూ తాడు లాగలేదు.

పాత ఇన్నోవా కొనాలనుకునేవాళ్లకు నా మాట ఒకటే. మీటర్ మీద అంకె నమ్మకండి, సర్వీస్ కాగితాలు అడగండి. తాళం తిప్పగానే అన్ని దీపాలూ వెలిగి ఆరుతున్నాయో లేదో చూడండి. కొందరు అమ్మేవాళ్లు దీపం బల్బే తీసేస్తారు. అలాంటి బండి ఎంత చవకగా వచ్చినా వద్దు.

2023లో పదిహేనేళ్లు నిండాయి. గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఫిట్‌నెస్ చూపించి ఆర్‌సీ ఐదేళ్లకు రెన్యువల్ చేయించాను. రవాణా ఆఫీసు బయట ఒకాయన అక్కడికక్కడే మూడున్నర లక్షలు ఇస్తానన్నాడు. నేను నోరు తెరిచేలోపే వెనక సీట్లోంచి నాన్న కిటికీ దించి, "ఇది అమ్మేది కాదు బాబూ" అన్నారు.