క్లంబర్ పార్కు: మేడ లేదు, పెరటి తోట ఉంది

అమ్మ విజయవాడ నుంచి వచ్చినప్పుడు, మే నెలలో, ఇంగ్లండ్‌లో నాటింగ్‌హమ్‌షైర్‌లోని క్లంబర్ పార్కుకి వెళ్లాం. న్యూకాజిల్ డ్యూకుల ఎస్టేట్ ఇది. మేడను 1938లో పడగొట్టేశారు. ఆ చోట ఇప్పుడు ఉత్త గడ్డి. 2018 ఎండలకి ఆ గడ్డి మాడిపోయి పాత గోడల గీతలు పైకి తేలాయట. మాకు ఆ జాడ కనపడలేదు. 1946 నుంచి ఎస్టేట్‌ని నేషనల్ ట్రస్టు, అంటే పాత కట్టడాల్ని, తోటల్ని కాపాడే సంస్థ, చూసుకుంటోంది.

చెరువు, చర్చి బాగున్నాయి. లైమ్ చెట్ల బాట రెండు మైళ్లకు పైనే. ఈ లైమ్ నిమ్మ కాదు, వేరే చెట్టు. నడవలేనివాళ్లు సైకిల్ అద్దెకి తీసుకోండి.

మీకు రెండు గంటలే ఉంటే మాత్రం ఇవన్నీ వదిలేసి నేరుగా గోడల మధ్య ఉన్న కూరగాయల తోటకి వెళ్లండి. నాలుగెకరాలు. ఒకప్పుడు మేడలో వాళ్లకి కూరలు, పళ్లు ఇక్కడి నుంచే వెళ్లేవి. తినేవాళ్లు వెళ్లిపోయినా మడులు ఇంకా పండుతున్నాయి. 450 అడుగుల పొడవు గాజు ఇల్లు కూడా ఉంది. నన్ను కట్టిపడేసింది మాత్రం రూబార్బ్ అనే పుల్లటి కాడల మొక్క మడి. నూటముప్పైకి పైగా రకాలు! మొదలు దగ్గర ఎర్రగా, పైకి పోయేకొద్దీ పచ్చగా బొటనవేలంత లావు కాడలు, ఒక్కో ఆకు చేటంత. ఇక్కడి తెలుగిళ్లలో గోంగూర దొరకనప్పుడు పులుపుకి ఆదుకునేది ఇదే.

అమ్మ వంగి ఆకు నిమిరింది. "ఇంత ఆకు పెట్టుకుని కాడలు తింటారేమిటే?"

"ఆకు విషం అమ్మా, కాడే తినాలి."

గోంగూరకి పూర్తిగా తలకిందులు. అమ్మకి అది మింగుడుపడటానికి చాలాసేపు పట్టింది.

వర్క్‌సాప్ స్టేషన్ నుంచి ఐదు మైళ్లుంటుంది. మేం టాక్సీలో వెళ్లాం. తిరుగు టాక్సీ చెప్పిన టైముకి రాలేదు, ఫోనుకి సిగ్నల్ లేదు, అమ్మ ముప్పావుగంట చలిలో నిలబడాల్సి వచ్చింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు సొంత కారులోనే వెళ్లండి. పార్కింగుకి డబ్బు కట్టాలి, ట్రస్టు సభ్యులకి ఉచితం. రాత్రికి ఊళ్లో దిగిన గది చిన్నదైనా శుభ్రంగా ఉంది. శాకాహారులమని ముందే చెప్తే పొద్దున పుట్టగొడుగులు, టమాటాలు వేయించి పెట్టారు.

ఇంటికొస్తూ దారిలో రూబార్బ్ కట్ట కొన్నాం. కందిపప్పులో కాడలు వేసి, ఎండుమిర్చి, వెల్లుల్లి పోపు పెట్టాను. అమ్మ మారు వడ్డించుకుని, "ఉప్పు ఇంకాస్త పడాలి" అంది.