“అనుమతి అక్కర్లేదు” అని చెప్పి తోట గదులు అమ్మేవారితో జాగ్రత్త

గత ఆదివారం గుంటూరు లక్ష్మీపురంలో ఒక స్నేహితుడి ఇంటికి వెళ్తే బల్ల మీద రంగుల కరపత్రం ఒకటి కనిపించింది. పచ్చిక, పూలకుండీలు, మధ్యలో చక్కని చిన్న గది. కింద లావుపాటి అక్షరాల్లో ఆ వాక్యం: “15 చదరపు మీటర్ల లోపు, 2.5 మీటర్ల ఎత్తు లోపు తోట గదులకు ఎలాంటి ప్రభుత్వ అనుమతీ అవసరం లేదు.” నాకు ఒళ్లు మండిపోయింది. ఇలాంటి కరపత్రంలోనే ఆ వాక్యాన్ని చదివి, నమ్మి నేను రూ.1,85,000 పోసి గది కొన్నాను. ఇప్పుడు ఆ గది ముక్కలుగా మా కారు పక్కన పడి ఉంది. స్నేహితుడు అప్పటికే పదివేలు బయానా ఇచ్చేశాడు. మరొకరు ఇవ్వకముందే రాయడం మంచిదనిపించింది.

మాది 400 గజాల స్థలం, గుంటూరులోనే. ఇంటి వెనుక ప్రహరీ దాకా 14 అడుగుల ఖాళీ ఉంది. రిటైరయ్యాక అక్కడ పుస్తకాలు పెట్టుకుని కూర్చోవాలని నా కోరిక. పారలు, ఎరువు బస్తాలు, గొట్టాలు పెట్టుకోవడానికి చోటు కావాలని మా ఆవిడ కోరిక. విజయవాడ నుంచి వచ్చిన అమ్మకందారుడు ఇద్దరి కోరికా తీరేలా పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తుతో గది చూపించాడు. ఇనుప చట్రం, పఫ్ ప్యానెళ్లు (మధ్యలో నురగ నింపిన రేకు పలకలు), రేకు కప్పు. “పునాది లేదు సార్, అంతా బోల్టులే. తాత్కాలిక కట్టడం కిందకి వస్తుంది. ప్లాను, గీను ఏమీ అక్కర్లేదు” అన్నాడు. నేను ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. టేపు తెచ్చి నా స్థలం నేనే కొలుచుకోవాలన్న బుద్ధి మాత్రం ఆ రోజు పుట్టలేదు.

క్రేనుతో తెచ్చి ఒక్క పూటలో నిలబెట్టేశారు. తోటకు చోటు మిగలాలని వెనుక ప్రహరీకి ఆనించి పెట్టారు. కప్పు వాలు కూడా అటే. మే నెలలో అందులో కూర్చోవడం ఎవరి వల్లా కాదన్నది వేరే సంగతి. పఫ్ ప్యానెల్ వేడిని ఆపుతుందని చెప్పిన మనిషి గుంటూరు మే నెలను చూసి ఉండడు.

మొదటి పెద్ద వానకే రేకు మీది నీరంతా వెనుక ఇంటివారి పడకగది కిటికీ మీదికి దూకింది. వారు నాలుగుసార్లు మర్యాదగానే చెప్పారు. నేను అమ్మకందారుడికి ఫోను చేస్తూ, వారికి రేపు మాపు అంటూ నెల గడిపాను. చివరికి వారు సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇచ్చారు. వారిని తప్పుపట్టను. నా కిటికీ అయి ఉంటే నేను నెల కూడా ఆగేవాణ్ణి కాదు.

వార్డు సచివాలయం నుంచి ప్లానింగ్ కార్యదర్శి వచ్చింది. మా అమ్మాయి వయసు ఉంటుంది. మంజూరైన ప్లాను చూపించమని అడిగి, టేపు పరిచింది. ఆ ప్లాను ప్రకారం వెనుక వైపు మీటరున్నర, అంటే దాదాపు అయిదు అడుగులు, ఖాళీగా ఉండాలి. 14 అడుగుల్లో అయిదు తీసేస్తే మిగిలేది తొమ్మిది. నా గది వెడల్పు పది. లోపలికి జరుపుతానన్నా జరపడానికి చోటు లేదు. “కొనేముందు ఈ కాగితం ఒక్కసారి తీసి చూసుకుని ఉంటే సరిపోయేది కదండీ” అంది. ఏం చెప్పను? కొన్నాళ్లకు నోటీసు వచ్చింది.

తాత్కాలిక కట్టడమన్న వాదన నేనూ చేశాను. అది ఎందుకు నిలవదో నాకు తెలిసిన ఒక లైసెన్సుడు ఇంజినీరు వివరించాడు. మన నగరపాలక సంస్థలకు వర్తించే 1955 నాటి చట్టంలో “భవనం” అంటే ఇల్లు ఒక్కటే కాదు. బయటి గది, పశువుల కొట్టం, గోదాము, షెడ్డు, గుడిసె, గోడ, చివరికి అరుగు కూడా అందులోకే వస్తాయి. అది ఇటుకతో కట్టినా, మట్టితో కట్టినా, చెక్కతో, లోహంతో లేదా మరే పదార్థంతో కట్టినా సరే. షెడ్డు అన్న మాటా, లోహం అన్న మాటా రెండూ ఉన్నాయి. బోల్టులు ఊడదీయవచ్చు కాబట్టి భవనం కాదనే వెసులుబాటు అందులో లేదు. అనుమతి లేని కట్టడాలకు నోటీసు ఇచ్చేది ఆ చట్టంలోని 452వ సెక్షన్ కిందే. పెళ్లికి వేసే షామియానా, టార్పాలిన్ పందిరి వంటివాటికే జాతీయ భవన నిర్మాణ స్మృతి మినహాయింపునిచ్చింది. సున్నాలు, రంగులు వేయించుకోవడం, లోపల అతుకుల పనులు, మొక్కలు పెంచుకోవడం, ఇవి కూడా అనుమతి అడిగే పనులు కావు. నాలుగు గోడలు, తలుపు, కప్పు ఉన్న గది వీటిలో ఎందులోకి వస్తుంది?

ఎంత ఖాళీ వదలాలో చెప్పేవి 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు, అంటే 119వ నంబరు జీవో, దానికి తర్వాత వచ్చిన సవరణలు. స్థలం విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు, ఇంటి ఎత్తును బట్టి ఈ లెక్క మారుతుంది. అందుకే “ఇన్ని చదరపు మీటర్ల లోపయితే అందరికీ మినహాయింపు” అని ఎవరైనా కరపత్రంలో అచ్చు వేస్తే అక్కడే అనుమానించాలి. పక్కింటి కొలత మనకు పనికిరాదు, మన కొలత వారికి పనికిరాదు.

మరి ఆ 15, ఆ 2.5 ఎక్కడివి? ఈ చిక్కుముడి విప్పింది బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా మేనల్లుడు. కరపత్రం ఫొటో పంపితే ఫోను చేసి పకపకా నవ్వాడు. “మామయ్యా, ఇది మా ఇంగ్లండ్ నిబంధన. అదీ సగమే రాశారు” అన్నాడు. అక్కడ ఇంటి పెరట్లో చిన్న కట్టడాలకు కొన్ని షరతులతో ప్రత్యేక ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. సరిహద్దుకు రెండు మీటర్ల లోపు కడితే ఎత్తు 2.5 మీటర్లు దాటకూడదు. ఇంటి ముఖభాగానికి ముందు కట్టకూడదు. మొదట కట్టిన ఇంటిని మినహాయిస్తే, చుట్టూ ఉన్న స్థలంలో ఇలాంటి కట్టడాలన్నీ కలిపి సగానికి మించకూడదు. ఇక 15 చదరపు మీటర్లు అన్నది అసలు ప్లానింగ్ అనుమతికి సంబంధించిన లెక్కే కాదు. నిర్మాణ నాణ్యతను చూసే వేరే నిబంధనలలోది. అది కూడా పడుకోవడానికి వాడని గదులకే. ఈ రెండు వేర్వేరు లెక్కలను అతికించి, షరతులు కత్తిరించి, తెలుగులోకి మార్చి మన పెరటికి తగిలించారు. ఇంగ్లండ్ చట్టం బ్రహ్మాండంగానే ఉంది, నా ప్రహరీ గుంటూరులో ఉండటమే చిక్కు.

అమ్మకందారుడిని నిలదీశాను. మొదట “ఊళ్లో అందరూ వేసుకుంటున్నారు సార్” అన్నాడు. తర్వాత “ఇంటి పన్నులో ఎక్కించుకోండి, పన్ను కడితే సక్రమమైపోతుంది” అన్నాడు. ఇది చాలామంది నమ్మే మాట, శుద్ధ అబద్ధం. పన్ను వేసినంత మాత్రాన అక్రమ కట్టడం సక్రమం కాదు. ఆ తర్వాత బీపీఎస్‌లో, అంటే అక్రమ కట్టడాలను అపరాధ రుసుము తీసుకుని క్రమబద్ధం చేసే ప్రభుత్వ పథకంలో, డబ్బు కట్టేయమన్నాడు. ఆ పథకం వచ్చిన ప్రతిసారీ ఫలానా తేదీకి ముందు కట్టినవాటికే అని గీత గీస్తారు. వచ్చే పథకం వస్తుందో రాదో తెలియకుండా దాన్ని నమ్ముకుని కడతామా? చివరికి బిల్లు వెనక్కి తిప్పి చూడమన్నాడు. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: “స్థానిక అనుమతులు కొనుగోలుదారు బాధ్యత.” ముందువైపు లావు అక్షరాల్లో అక్కర్లేదన్నదే వెనుకవైపు నా బాధ్యత అయింది.

గది విప్పించడానికి పద్నాలుగు వేలు, క్రేనుకు తొమ్మిది వేలు మళ్లీ నా జేబులోంచే. అమ్మకందారుడు తిరిగి తీసుకోనన్నాడు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోను చేశాను, ఫిర్యాదు నమోదైంది, అతను జవాబివ్వలేదు. ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే కేసు వేయవచ్చు, విజయవాడ తిరగనక్కర్లేదు. అయిదు లక్షల లోపు సొమ్ముకు ఫీజు లేదు. రెండేళ్ల గడువు ఉంది. నా చేతిలో ఉన్న ఒకే ఒక్క బలమైన ఆధారం ఆ కరపత్రం. కాబట్టి ఎవరైనా ఇప్పటికే కొని ఉంటే కరపత్రాన్ని, వాట్సాప్ సందేశాలను, బిల్లు రెండు వైపులా ఫొటోలను పారేయకండి.

ఇంకా కొననివారు బయానా ఇవ్వకముందే బీరువాలోంచి మంజూరైన ప్లాను తీసి నాలుగు వైపులా ఎంత ఖాళీ రాసుందో చూడండి. టేపు పట్టుకుని కొలవండి. ఆ కాగితంతో లైసెన్సుడు ఇంజినీరునో, వార్డు ప్లానింగ్ కార్యదర్శినో ఒక్కసారి అడగండి. వెళ్లి రావడానికి ఆటో ఖర్చు తప్ప పోయేదేమీ లేదు. చోటు ఉండి, సవరించిన ప్లానుకు దరఖాస్తు చేసుకుంటే దారి ఉండవచ్చు. “అనుమతి అక్కర్లేదు, నోటీసు వస్తే నాదే పూచీ” అని అమ్మేవాడు అంటే ఆ మాటనే బిల్లు మీద రాసి సంతకం పెట్టమనండి. మా స్నేహితుడు నా మాట విని అడిగాడు. అవతలి మనిషి సోమవారం పెడతానని వెళ్లి ఇంతవరకు ఫోను ఎత్తలేదు, పదివేలూ రాలేదు.

నా ప్యానెళ్లు మాత్రం టార్పాలిన్ కింద భద్రంగానే ఉన్నాయి. పొలంలోనో, పెద్ద దొడ్లోనో ఎవరికైనా పనికొస్తే సగం ధరకు ఇచ్చేస్తాను. వచ్చేటప్పుడు మీ ప్లాను కాగితం వెంట తెచ్చుకోవాలి, అది చూడనిదే ఒక్క బోల్టు కూడా ఇవ్వను.