బెదురు కుక్కను మచ్చిక చేయడానికి ఏది మేలు: వీధా, ఇల్లా, షెల్టరా?

వీధికుక్కను దత్తతకు సిద్ధం చేయాలనుకునేవాళ్లు మొదట అడిగేది "ఎలా పట్టుకోవాలి?" అని. అంతకన్నా ముందు అడగాల్సింది, అసలు దీన్ని ఉన్నచోటి నుంచి కదపాలా అని. మనిషిని చూస్తే పది అడుగులు జరిగి, మనిషి పోగానే హాయిగా తిని, తన గుంపుతో కారు నీడన పడుకునే మూడేళ్ల కుక్కకు బెదురు రోగం కాదు, బతుకు నేర్పిన జాగ్రత్త. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ఏటా రేబీస్ టీకా, వేళకు గిన్నెడు అన్నం చాలు. నాలుగు గోడలు దానికి మేలు చేయకపోగా కీడే చేయొచ్చు.

ఇల్లు వెతకాల్సింది గుంపు తరిమేసిన కుక్కకు, కాలు విరిగి పరుగెత్తలేని కుక్కకు, ఎవరో పెంచి వదిలేసినదానికి, తల్లి లేని కుక్కపిల్లలకు. కుక్కపిల్లకు మనిషి అలవాటయ్యే వయసు సుమారు 3 వారాల నుంచి 14 వారాల దాకా. ఆ రోజులు డ్రైనేజీ పైపులో గడిచిపోయిన కుక్క పెద్దయ్యాక కూడా నేర్చుకుంటుంది గానీ, వారాల పని నెలల పనవుతుంది. దెబ్బలు తిన్న కుక్క ఒక్కోసారి దానికన్నా తొందరగా తేరుకుంటుంది, ఎందుకంటే మనిషి చేతి అన్నం దానికి ఎప్పుడో ఒకప్పుడు రుచి తెలిసి ఉంటుంది.

ఇంకో సంగతి. మూల ముడుచుకుని కూర్చున్న ప్రతి కుక్కా బెదురుకుక్క కాదు. టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జ్వరం) వచ్చినా, తుంటి నొప్పి ఉన్నా అలాగే ఉంటుంది. చిగుళ్లు పాలిపోయి ఉంటే మచ్చిక సంగతి తర్వాత, ముందు రక్తపరీక్ష.

వీధిలోనే మొదలుపెడితే

పెద్ద వయసు బెదురుకుక్కకు మా ఓటు దీనికే. కారణం ఒక్కటే: వీధిలో దానికి పారిపోయే దారి ఉంది. పారిపోగలిగిన కుక్కకు కరవాల్సిన పని లేదు. పారిపోవచ్చని తెలిసీ ఆగిందంటే, ఆ ఆగడం నిజమైన నమ్మకం.

రోజూ ఒకే మనిషి, ఒకే వేళ, ఒకే గిన్నె. కుక్క ఎంత దూరంలో ఉంటే నోరు తెరిచి మామూలుగా ఊపిరి పీలుస్తుందో చూసుకుని, ఆ దూరంలో నేల మీద పక్కకు తిరిగి కూర్చోవాలి. ఎదురుగా నిలబడితే, కళ్లలోకి చూస్తే పని చెడుతుంది. పావుగంట చాలు. ఉడికించిన చికెన్ లివర్‌ను శనగ గింజంత ముక్కలు చేసుకోండి. ఒక పూటకు గుప్పెడు మించొద్దు, మించితే విరేచనాలు. ఎముకలు మాత్రం వద్దు, ఉడికిన కోడి ఎముక చీలి పేగుకు గుచ్చుకుంటుంది.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ముక్క చేతిలో పెట్టుకుని "రా, రా" అని చెయ్యి చాపుతారు. ఆకలి కుక్కను ముందుకు లాగుతుంది, భయం వెనక్కి లాగుతుంది. మెడ సాగుతుంది, వెనక కాళ్లు ఉన్నచోటే పాతుకుపోయి ఉంటాయి. ముక్క మింగిన మరుక్షణం తల ఎత్తి చూస్తే జానెడు దూరంలో మనిషి చెయ్యి! అప్పుడే ఉలిక్కిపడి కరుస్తుంది. దానికి బదులు ముక్కను కుక్క వెనక్కి పడేలా విసరండి. తినడానికి వెనక్కి వెళ్తుంది, తిని ఇంకోటి ఉందేమోనని తనంతట తానే తిరిగి వస్తుంది. దూరం పోతే బహుమానం, దగ్గరికి రావడం దాని ఇష్టం. వారం పదిరోజులు ఇలా చేశాక కొన్ని కుక్కలు మీ మోకాలి దాకా వస్తాయి. కొన్నింటికి రెండు నెలలు పడుతుంది. ఏ రోజైనా నోరు బిగించి, మూతి నాకుతూ, కంటి తెల్లగుడ్డు కనబడేలా పక్కచూపు చూస్తే ఆ రోజుకు రెండడుగులు వెనక్కి జరిగిపోవాలి. ఒళ్లంతా ఒక్కసారి విదిలించుకుందంటే బిగువు వదులుతోందని అర్థం.

మొదటిసారి తాకడం తల మీద కాదు. గడ్డం కింద గానీ ఛాతీ పక్కన గానీ, రెండు క్షణాలు. చెయ్యి తీసేసి ఆగాలి. మళ్లీ ఆనుకుంటే మళ్లీ రెండు క్షణాలు. కదలకుండా రాయిలా నిలబడిపోయిందంటే ఒప్పుకున్నట్టు కాదు, బిగుసుకుపోయినట్టు.

తాకనిస్తున్నాక క్రేట్, అంటే తలుపున్న బోను. దేశీ కుక్కకు 36 నుంచి 42 అంగుళాల పొడవున్నది సరిపోతుంది. తలుపును తాడుతో తెరిచి కట్టేసి, మొదట గడప దగ్గర, రోజుకో బెత్తెడు లోపలికి జరుపుతూ అన్నం పెట్టండి. నాలుగు కాళ్లూ లోపల పెట్టి తింటున్నప్పుడు క్షణం సేపు తలుపు దగ్గరికి వేసి తెరవండి. వలతో అయితే అరగంటలో పని అయిపోతుంది, నిజమే. కానీ నెల రోజుల మచ్చిక ఆ అరగంటలో పోతుంది. ఆపరేషన్ ఇంకా కాకపోతే, మున్సిపాలిటీ వల పడకముందే మీరే క్రేట్‌లో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం తెలివైన పని.

వీధి దారికి లోపాలు లేకపోలేదు. బళ్లు, పోట్లాడే గుంపులు, విసుక్కునే పక్కింటివాళ్లు, వీటిలో ఏదీ మన చేతిలో ఉండదు. చట్టమూ చూసుకోవాలి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్ అయిన కుక్కను పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టు 22 నాటి ఉత్తర్వులో సుప్రీంకోర్టు వీధికుక్కలకు తిండి కేటాయించిన చోట్లనే పెట్టాలంది. దత్తత కోరేవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చని, తీసుకున్న కుక్కను మళ్లీ వీధిలోకి రానివ్వకూడదని చెప్పింది. అదే ఏడాది నవంబరులో బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను తరలించి తిరిగి అక్కడ వదలొద్దని ఆదేశించింది. అలాంటి చోట ఉండే కుక్కకు వీధిలో మచ్చిక చేసే వ్యవధి ఉండదు.

షెల్టర్

దెబ్బ తగిలినది, పార్వో, డిస్టెంపర్ లాంటి ప్రాణాంతక అంటురోగం సోకినది, సెలైన్ ఎక్కించాల్సినది అయితే మరో మాట లేదు, షెల్టరే. బెదురు ఒక్కటే సమస్య అయితే మాత్రం ఆఖరి దారిగా ఉంచుకోండి. వరసగా కెన్నెళ్లు (కుక్కల గదులు) ఉన్న చోట మొరుగుళ్ల చప్పుడు 100 డెసిబెల్స్ దాటడం మామూలే. పూటకో మనిషి, గొట్టంతో నీళ్లు కొట్టి కడగడం, దాక్కోవడానికి చోటు లేని సిమెంటు గది. ఒక భయం దిగకముందే ఇంకోటి వచ్చి పడుతుంటే కుక్క ఏదీ నేర్చుకోదు. పదో రోజుకు "బాగా నెమ్మదించింది" అనిపించే కుక్క చాలాసార్లు నెమ్మదించినది కాదు, ఆశ వదులుకున్నది.

అంతమాత్రాన షెల్టర్ అన్నదే పనికిరాదని కాదు. అమెరికాలో జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ విపరీతంగా భయపడే కుక్కల కోసమే 2013లో న్యూజెర్సీలో ఒక కేంద్రం మొదలుపెట్టి, 2018లో నార్త్ కరోలినాలో శాశ్వత కేంద్రం తెరిచింది. అక్కడ పనంతా కుక్కల ప్రవర్తన తెలిసిన మనుషులది. మీ ఊరి షెల్టర్‌లో కూడా ఒక కెన్నెల్‌కు మూడు వైపులా పాత దుప్పటి కట్టి, తలుపు పెట్టని అట్టపెట్టె ఒకటి లోపల పెట్టి, ధైర్యమున్న కుక్కను పక్కన ఉంచి, అన్నం పెట్టే మనిషిని మార్చకుండా ఉంటే పరిస్థితి చాలా మారుతుంది.

ఫోస్టర్ ఇల్లు

దత్తత కుదిరేదాకా కుక్కను తాత్కాలికంగా ఉంచుకునే ఇల్లు ఇది. కుక్కపిల్లలకు నేరుగా ఇదే మేలు. పెద్దవాటికి వీధి మచ్చిక తర్వాతి మెట్టు. తెచ్చేది దీపావళికి ముందు వారమో, వీధిలో వినాయక చవితి డీజే మోగే రోజులో కాకుండా చూసుకోండి.

మొదటి రోజే స్నానం చేయిస్తారు చాలామంది. వద్దు. ఇల్లంతా తిప్పి చూపించనూ వద్దు. ఒక చిన్న గది, క్రేట్ మీద పాత దుప్పటి, మూల పేపర్లు, నీళ్లు. అన్నం పెట్టి వచ్చేయండి. పెద్ద కుక్క ఒకట్రెండు రోజులు తినకపోవడం మామూలే, పిల్ల అయితే ఆగొద్దు. రెండో రోజూ మూత్రం పోయకపోతే డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఇంట్లో వేరే కుక్క ఉంటే 14 రోజులు విడిగా ఉంచాలి. పార్వో, డిస్టెంపర్ ఏదైనా దాగి ఉంటే ఈలోపు చాలావరకు బయటపడుతుంది. నట్టల మందు పది కిలోలకు ఒక మాత్ర చొప్పున ఇచ్చే రకమైతే ముందు బరువు చూసుకోవాలి, అంచనా మీద వేయకూడదు.

ఆ తర్వాత ఇంట్లోని నెమ్మదైన కుక్కే మీకన్నా మంచి గురువు. అది మీ చేతిలోంచి తింటుంటే ఇది చూస్తుంది. సగం పాఠం అక్కడే అయిపోతుంది.

వీధిలో లారీలకు జంకని కుక్క ఇంట్లో సీలింగ్ ఫ్యాన్‌ను చూసి మంచం కింద దూరుతుంది. నున్నటి టైల్స్ మీద గోళ్లు జారి కాళ్లు పక్కకు పోతే ఆ గదిలోకి మళ్లీ రాదు. గోనెపట్టాలు వరసగా పరిస్తే నడుస్తుంది. మిక్సీ, కుక్కర్ విజిల్ సంగతి వేరు. గదుల దూరం నుంచి మొదలుపెట్టి, చప్పుడు వచ్చిన ప్రతిసారీ వెంటనే ఒక లివర్ ముక్క. వరస ముఖ్యం, ముందు చప్పుడు, తర్వాత ముక్క. తిరగబడితే ముక్క కనబడగానే భయపడడం నేర్చుకుంటుంది.

తప్పిపోయే ప్రమాదం ఎక్కువగా ఉండేది మొదటి రోజుల్లో, అదీ తలుపు దగ్గర. దేశీ కుక్కకు తల సన్నం, మెడ లావు, మామూలు బెల్టు వెనక్కి లాగగానే ఊడుతుంది. లాగితే కొద్దిగా మాత్రమే బిగిసే మార్టింగేల్ కాలర్ ఒకటి, నడుం దాకా పట్టీ ఉన్న హార్నెస్ ఒకటి, రెండింటికీ వేర్వేరు తాళ్లు. ఇంటి తలుపు మూశాకే వీధి గేటు తీయాలి.

నెలన్నర గడిచినా గదిలోంచి బయటికి రాకపోతే మందుల గురించి వెటర్నరీ డాక్టర్‌ను అడగడంలో తప్పేమీ లేదు. ఫ్లూఆక్సెటిన్ లాంటి భయం తగ్గించే మందులు పని చూపడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఏస్‌ప్రోమజిన్ అనే మత్తుమందు ఒక్కటే ఇస్తే మాత్రం ఒళ్లు మత్తెక్కుతుంది, భయం లోపల అలాగే ఉంటుంది.

ఏ దారిలోనైనా పళ్లు గానీ గోరు గానీ గీసుకుంటే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పావుగంట కడిగి అదే రోజు రేబీస్ టీకాకు వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. ఈ పని తరచూ చేసేవాళ్లు ముందస్తు టీకా వేయించుకోవాలి. నెలలుగా దూరం ఉన్న కుక్క ఉన్నట్టుండి మీద పడి నాకినా, గొంతు మారినా, చొంగ కార్చినా అది మచ్చిక అనుకోకండి, రేబీస్ కావచ్చు. దగ్గరికి పోకుండా డాక్టర్‌కు కబురు పెట్టండి.

దత్తతకు ఎప్పుడివ్వాలి? కొత్తవాళ్లు ముగ్గురి చేతుల్లోంచి తిని, హార్నెస్‌తో వీధి మలుపు దాకా నడిచి, గిన్నె కిందపడి ఉలిక్కిపడ్డా నిమిషంలో మళ్లీ తిండి వైపు తిరిగితే ఇవ్వొచ్చు. అపార్ట్‌మెంటా, గేటున్న ఇల్లా అంటే, లిఫ్ట్ భయం నేర్పుతో పోతుంది, ఎప్పుడూ తెరిచి ఉండే గేటు అలవాటు మాత్రం మనుషులకు పోదు. కింది అంతస్తు ఫ్లాట్ దొరికితే అదే చూడండి. కుక్కతో పాటు అది పడుకున్న దుప్పటి ఉతక్కుండా పంపండి, మెడలో ఫోన్ నంబర్ బిళ్ల వేయండి, వారం దాకా తిండి మార్చొద్దని రాసివ్వండి. తీసుకెళ్లినవాళ్లు మూడో రోజే ఫోన్ చేసి "ఇది సోఫా వెనక నుంచి రావట్లేదండీ" అంటారు. మూడు వారాలు ఆగి మళ్లీ ఫోన్ చేయమనండి.