చీట్ కోడ్ లేకుండా వైస్ సిటీ

గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ చదివేటప్పుడు ట్యూషన్ ఎగ్గొట్టి, నెట్ సెంటర్‌లో గంటకు పదిహేను రూపాయలిచ్చి ఆడిన గేమ్ జీటీఏ వైస్ సిటీ. ఆడాను అంటున్నాను గానీ, మేం చేసిందల్లా కీబోర్డు మీద ‘పాంజర్’ అనే చీట్ కోడ్, అంటే గేమ్‌ను మోసం చేసే రహస్య పదం, కొట్టి ట్యాంకు దించుకోవడం, పోలీసులు చుట్టుముడితే ‘లీవ్ మీ ఎలోన్’ కొట్టడం, టైమైపోయిందని సెంటరాయన కేకేస్తే లేచిపోవడం. గేమ్‌లో ఊరు రెండు దీవుల మీద ఉంటుంది, రెండో దీవికి వెళ్లే వంతెనలు ఎందుకు మూసున్నాయో మా బ్యాచ్‌లో ఒక్కడికీ తెలియదు. తుఫాను హెచ్చరికట. కథ కొంత నడిస్తే అవే తెరుచుకుంటాయి.

మూడేళ్ల కిందట ఇంట్లో పాత డెస్క్‌టాప్‌లో మళ్లీ మొదలుపెట్టాను, చీట్లు ముట్టుకోనని ఒట్టేసుకుని. ఇది 2003లో కంప్యూటర్లకు వచ్చిన గేమ్. 128 ఎంబీ ర్యామ్ చాలన్నారు అప్పట్లో, కాబట్టి అటక మీద దుమ్ము పట్టిన కంప్యూటర్ అయినా లాగేస్తుంది. చిక్కంతా కొత్త ల్యాప్‌టాప్‌తోనే. నా దాంట్లో పక్కన నంబర్ కీలు లేవు, హెలికాప్టర్‌ను ముందుకు వంచాలంటే అవే కావాలి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి కీలు మార్చుకోవాల్సి వచ్చింది.

చీట్లు లేకపోతే ఇది వేరే గేమ్. మిషన్, అంటే గేమ్ మనకు అప్పజెప్పే పని, మధ్యలో సేవ్ ఉండదు. హోటల్‌కో, కొనుక్కున్న ఇంటికో వెళ్లి, అక్కడ తిరుగుతుండే క్యాసెట్ బొమ్మ మీద నిలబడితేనే సేవ్. చచ్చిపోతే ఆసుపత్రి బయట లేస్తాం, చేతిలో ఒక్క తుపాకీ మిగలదు. మనం ఆడించే హీరో టామీకి ఈత రాదు, బండి సముద్రంలో పడిందంటే అంతే సంగతులు. బొమ్మ హెలికాప్టర్‌తో కట్టుబడిలో ఉన్న బిల్డింగ్‌లో నాలుగు బాంబులు పెట్టే మిషన్ ఒకటుంది. దాని దగ్గర నేను రెండు వారాలు ఆగిపోయాను. రాత్రి పదకొండింటికి మా ఆవిడ లేచొచ్చి ఆఫీసు టెన్షనా అని అడిగింది. అవునన్నాను.

ఇలా ఓడినదే మళ్లీ ఓడటం మీకు చిరాకైతే దీని జోలికి రావద్దు. ఇప్పటి గేమ్‌లలాగా ‘ఇక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టు’ అనే జాలి ఇందులో లేదు. ఊరు కూడా చిన్నదే, ఈ చివర నుంచి ఆ చివరకు నిమిషాల్లో వెళ్లిపోవచ్చు.

మరి నన్ను మూడేళ్లు పట్టి ఉంచింది ఏమిటంటే, ఒకటి గేమ్‌లో బండి ఎక్కితే మోగే రేడియో. నెట్ సెంటర్‌లో మా సిస్టమ్‌లకు స్పీకర్లే లేవు, టామీకి రే లియోటా గొంతిచ్చాడన్న సంగతి కూడా ముప్పై దాటాకే తెలిసింది నాకు. కథ 1986లో జరుగుతుంది, పాటలూ ఆ కాలానివే. తర్వాత అమ్మిన కాపీల్లో కొన్ని పాటలు తీసేశారు, అదొక్కటే వెలితి. రెండోది, నవ్వకండి, అంబులెన్స్. ఏ అంబులెన్స్ ఎక్కినా రోగుల్ని ఆసుపత్రికి చేర్చే పని మొదలుపెట్టొచ్చు. మొదటి లెవెల్‌లో ఒకడు, పన్నెండో లెవెల్‌లో పన్నెండుమంది, బండిలో ఒకేసారి ముగ్గురే పడతారు. మొత్తం 78 మంది. మధ్యలో బండి పేలితే మళ్లీ ఒకటి నుంచే. పూర్తిచేస్తే టామీ ఎంత పరిగెత్తినా అలసిపోడు. నేను ఆరోసారికి పూర్తిచేశాను. మనుషుల్ని గుద్దుకుంటూ పోయే గేమ్‌లో నాకు నచ్చిన పని మనుషుల్ని కాపాడటం!

పిల్లలకు మాత్రం ఇవ్వకండి. రక్తం, బూతులు, ఆడవాళ్లను చూపించిన తీరు ఇప్పుడు చూస్తే నాకే ఇబ్బందనిపించింది. హైతీవాళ్లను చంపమనే డైలాగ్ మీద అమెరికాలో గొడవైతే తర్వాత దాన్ని తీసేశారు.

మా అన్నయ్య కొడుకు ఇంజినీరింగ్ రెండో ఏడు. “కొనుక్కోమంటావా బాబాయ్?” అన్నాడు. ముందు మా ఇంట్లో రెండు ఆదివారాలు ఆడి చూడమన్నాను, చీట్లు కొట్టకుండా. మొదటి ఆదివారం ఆ బొమ్మ హెలికాప్టర్ దగ్గరే ఆగిపోయాడు. రెండో ఆదివారం రాలేదు. నిన్న ఫోన్ చేశాడు.

“బాబాయ్, ఆ ట్యాంకు స్పెల్లింగ్ ఒకసారి చెప్పవా?”