స్పాన్సర్ పత్రాలు మళ్ళీ అడిగినప్పుడు: ద్వారకానగర్‌లోని ఒక డాక్యుమెంటేషన్ ఆఫీసుపై సమీక్ష

విశాఖపట్నం ద్వారకానగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, మేడ మీద రెండు గదుల్లో నడుస్తున్న ఒక డాక్యుమెంటేషన్ ఆఫీసు గురించి రాస్తున్నాను. బోర్డు మీద నాలుగైదు దేశాల జెండాలు వేసుకున్నా, వారి అసలు పని అమెరికా ఇమ్మిగ్రేషన్ కాగితాలు సిద్ధం చేయడమే. పెళ్ళి ఆధారంగా ఇమ్మిగ్రెంట్ వీసాకు దరఖాస్తు చేసుకున్న మా అమ్మాయికి ముంబైలోని అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ముగిశాక 221(జి) కాగితం, అంటే అడిగిన ఆధారాలు అందేదాకా వీసాను ఆపి ఉంచామని తెలిపే కాగితం, చేతికిచ్చి, స్పాన్సర్‌షిప్‌కు సంబంధించిన పత్రాలు మరికొన్ని కావాలన్నారు. ఆ జవాబును సిద్ధం చేయించుకోవడానికే ఈ ఆఫీసుకు వెళ్ళాము. ఫీజు 12,000 రూపాయలు, దానిపైన 18 శాతం జీఎస్టీ. పని బాగా చేశారు. తప్పుపట్టవలసినవీ రెండున్నాయి, వాటిని చివర రాస్తాను.

మన ఊళ్ళో కన్సల్టెన్సీలు చాలావరకు విద్యార్థి వీసాల మీదే బతుకుతున్నాయి. అందువల్ల డబ్బుకు సంబంధించిన పత్రాలు అనగానే వారికి ముందుగా తట్టేవి బ్యాంకు బ్యాలెన్సు, చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చే నెట్‌వర్త్ సర్టిఫికెట్, తండ్రి ఆస్తికి వాల్యుయేషన్ రిపోర్టు. మేము మొదట విచారించిన మరో చోట, సీతమ్మధారలో నా పేరున ఉన్న ఇంటికి విలువ కట్టించి, నా పెన్షన్ పత్రాలు కూడా జోడిస్తే ఫైలు బలంగా ఉంటుందని సలహా ఇచ్చారు. ద్వారకానగర్ ఆఫీసులో కాగితాలు చూసే ఆవిడ ఆ మాట వినగానే, ఆ రెండింటికీ ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దని చెప్పారు. పెళ్ళి ద్వారా వెళ్ళేవారి విషయంలో చూసేది ప్రధానంగా అమెరికాలో ఉండి పిలిపించుకుంటున్న వ్యక్తి, అంటే స్పాన్సర్, ఆదాయాన్నే తప్ప, ఇక్కడ అమ్మాయి తండ్రికి ఎంత ఉందన్నది కాదు. తమకు రాబడి వచ్చే పనిని తామే వద్దన్నారు కనుక, నాకు వారి మీద నమ్మకం కుదిరింది అక్కడే.

మా అల్లుడు అమెరికా పౌరుడు, ఉండేది టెక్సస్‌లో. ఉద్యోగం మానేసి సొంతంగా వ్యాపారం మొదలుపెట్టాడు. వ్యాపారంలో ఎంత టర్నోవరు ఉన్నా, ఖర్చులు పోగా మిగిలిన మొత్తమే అక్కడి పన్ను రిటర్నులో ఆదాయంగా కనబడుతుంది. అతని 1040 ఫారంలో, అంటే ఆ పన్ను రిటర్నులో, మొత్తం ఆదాయం 19,800 డాలర్లు. వచ్చే మనిషి పోషణ బాధ్యత తనదని స్పాన్సర్ సంతకం చేయవలసిన ఐ-864 అఫిడవిట్ నిబంధనల ప్రకారం, ఆ ఇంటి ఆదాయం అక్కడి ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరిక ప్రమాణానికి 125 శాతం ఉండాలి. 2025 పట్టికలో, భార్యాభర్తలిద్దరే ఉన్న ఇంటికి అది 26,437 డాలర్లు. అంటే మాకు 6,637 డాలర్లు తక్కువపడింది.

ఈ లోటును ఆస్తితో పూడ్చుకునే వీలు నిబంధనల్లోనే ఉంది. అయితే ఆ ఆస్తి స్పాన్సర్‌ది గాని, అతని ఇంట్లోనే ఉంటూ బాధ్యత పంచుకునేవారిది గాని, వెళ్ళబోయే మనిషిది గాని అయి ఉండాలి. ఏడాదిలోపు సొమ్ము చేసుకోగలిగినదై ఉండాలి. అమెరికా పౌరుడి భార్య విషయంలో లోటుకు మూడు రెట్లు, అంటే మా లెక్కలో 19,911 డాలర్లు, విలువ చేయాలి. ఆనందపురం వైపు మా అమ్మాయి పేరునే ఒక స్థలం ఉంది కాబట్టి ఈ దారి మాకు పూర్తిగా మూసుకుపోలేదు. కాని దానికి వాల్యుయేషన్ రిపోర్టు, ఈసీ (ఆస్తి మీద తాకట్టులు, అప్పులు ఉన్నాయో లేవో చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఏడాదిలో అమ్ముడుపోతుందనడానికి ఆధారం, అమ్మిన సొమ్మును రిజర్వు బ్యాంకు నిబంధనలకు లోబడి బయటికి పంపగలమనడానికి ఆధారం కావాలి. భారతదేశంలో నివసించే వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు పంపుకోవచ్చు కనుక చివరిదానికి ఇబ్బంది లేదు. స్థలం అమ్ముడుపోయే వేగాన్ని కాగితం మీద నిరూపించడమే కష్టం. ఆస్తి లెక్కను పక్కనపెట్టి, అల్లుడితోపాటు అదే బాధ్యత తీసుకునే రెండో వ్యక్తిని, అంటే జాయింట్ స్పాన్సర్‌ను, చూసుకోమని ఆవిడ సూచించారు.

జాయింట్ స్పాన్సర్ అనగానే మా ఇంట్లోనూ వియ్యాలవారింట్లోనూ అందరూ అనుకున్నది, తక్కువపడిన ఆరు వేల చిల్లర డాలర్లను ఇంకెవరైనా భర్తీ చేస్తే చాలునని. అది అలా కుదరదు. జాయింట్ స్పాన్సర్ తన ఇంటి లెక్కకు మా అమ్మాయిని కలుపుకొని, మొత్తం 125 శాతాన్ని తన సొంత ఆదాయంతోనే చూపించాలి. ముందుకు వచ్చిన మా అల్లుడి అన్నగారి ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలతో కలిపి నలుగురు. మా అమ్మాయితో అయిదుగురు. అదే పట్టిక ప్రకారం ఆ లెక్కకు 47,062 డాలర్లు కావలసి వచ్చింది. ఆయన జీతం దానికి మించే ఉంది. అన్నదమ్ములిద్దరూ వేర్వేరు ఇళ్ళలో ఉంటారు కాబట్టి, ఒకే ఇంట్లో ఉండేవారు నింపే ఐ-864ఏ వారికి పనికిరాదని, ఆయన విడిగా పూర్తి ఐ-864 ఇవ్వాలని, తన ఆదాయం చాలకపోయినా మా అల్లుడు ఇచ్చిన అఫిడవిట్ కూడా అందులో ఉండితీరాలని ఆవిడ వివరించారు.

ఈ సేవలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది, సంతకం పెట్టేముందు ఆ అన్నగారి కుటుంబంతో ఆవిడ వీడియో కాల్‌లో మాట్లాడిన తీరు. ఐ-864 అంటే ఏదో హామీపత్రం అనుకుని సంతకం పెట్టేసేవారే ఎక్కువ. నిజానికి అది అమెరికా ప్రభుత్వంతో చేసుకునే ఒప్పందం. వెళ్ళిన మనిషి అక్కడి పౌరసత్వం తీసుకునేదాకానో, 40 త్రైమాసికాల పని, అంటే సుమారు పదేళ్ళ పని, అక్కడి సోషల్ సెక్యూరిటీ ఖాతాలో పడేదాకానో ఆ బాధ్యత కొనసాగుతుంది. మనిషి మరణించినా, దేశం విడిచి శాశ్వతంగా వెళ్ళిపోయినా అది తీరుతుంది. విడాకులు తీసుకుంటే మాత్రం తీరదు. పెళ్ళయి ఏడాది తిరగని జంట గురించి ఆ మాట ఎత్తగానే మా వియ్యపురాలు ముఖం చిట్లించారు. నాకూ చెవికి ఇంపుగా లేదు. కాని అన్నగారి భార్య, “మా పిల్లల చదువులకు అప్పు తీసుకోవాలంటే ఇది అడ్డం వస్తుందాండీ?” అని నేరుగా అడిగారు. దీన్ని బట్టి బ్యాంకువారు అప్పు నిర్ణయించరని, కాని మా అమ్మాయి ఆదాయపరిమితిని బట్టి ఇచ్చే కొన్ని ప్రభుత్వ సహాయాలు తీసుకుంటే ఆ సొమ్మును స్పాన్సర్ నుంచి రాబట్టుకునే హక్కు ప్రభుత్వానికి ఉంటుందని ఆఫీసు ఆవిడ దాచకుండా చెప్పారు. ఆ తరువాతనే ఆయన సంతకం పెట్టారు. మొహమాటానికి పెట్టించుకున్న సంతకం రేపు బంధుత్వాల మధ్య గొడవై కూర్చుంటుంది కాబట్టి, ఈ సంభాషణ జరగడం ఇరువైపులా మంచిదయింది.

కాగితాల పరిశీలనలో వారి శ్రద్ధకు ఒక్క ఉదాహరణ చాలు. కాన్సులేట్ ఇచ్చిన కాగితాన్ని బల్ల మీద పరిచి, ఒక్కొక్క వాక్యం కింద స్కేలు ఆనించి, దానికి జవాబుగా వెళ్ళే పత్రం పేరును పక్కన పెన్సిలుతో రాశారు. అన్నగారు పంపిన పన్ను పత్రం పైభాగం చూసి, ఇది అకౌంట్ ట్రాన్‌స్క్రిప్ట్ (పన్ను ఖాతా వివరం) అని, అడిగింది టాక్స్ రిటర్న్ ట్రాన్‌స్క్రిప్ట్ (దాఖలు చేసిన రిటర్నులోని వివరాలు) అని గుర్తుపట్టి, అక్కడి పన్ను శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైటు నుంచి సరైనదాన్ని ఉచితంగా తెప్పించారు. రిటర్న్ ట్రాన్‌స్క్రిప్ట్ ఉంటే డబ్ల్యూ-2 (యజమాని ఇచ్చే వార్షిక జీతం పత్రం) కాపీలు జతచేయనక్కరలేదు. 1040 ఫారం ఫొటోకాపీ పెడితే అవి తప్పనిసరి. అఫిడవిట్‌కు నోటరీ కూడా అవసరం లేదన్నారు. చివరికి తయారైన ఫైలు అరంగుళం మందం కూడా లేదు. కొన్ని వారాల తరువాత వీసా మంజూరయింది.

గడువుల విషయం కూడా వారు స్పష్టంగా చెప్పారు. 221(జి) కింద అడిగిన ఆధారాలను ఏడాదిలోపు అందజేస్తే వీసా ఫీజు మళ్ళీ కట్టనక్కరలేదు. అమెరికాలోనే ఉండి గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకున్నవారికి అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖ పంపే ఆర్ఎఫ్ఈకి, అంటే మరిన్ని ఆధారాలు కోరే నోటీసుకు, మాత్రం నోటీసులో వేసిన తేదీయే గడువు. గరిష్ఠంగా 84 రోజులు, పోస్టుకు పట్టే సమయం అదనం, పొడిగింపు ఉండదు. పైగా అడిగినవన్నీ ఒకేసారి పంపాలి. సగం పంపి మిగతావి తరువాత పంపుదామనుకుంటే, ఉన్నవాటి మీదనే నిర్ణయం చేసేస్తారు.

ఇక లోపాలు. మొదటిది వేళలు. స్పాన్సర్లు టెక్సస్‌లో నిద్ర లేచేసరికి మనకు సాయంత్రమవుతుంది. ఆఫీసు ఆరింటికి మూసేస్తారు, ఆపైన ఫోను ఎత్తరు. అయిదు నిమిషాల్లో తేలే సందేహం మర్నాటికి వాయిదా పడుతుంది. అమెరికా పని చేసే ఆఫీసు వారానికి రెండు రోజులైనా రాత్రి తొమ్మిది వరకు ఉండకపోవడం నాకు అర్థం కాలేదు. రెండవది ఇంకా పెద్దది. సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉన్న పత్రాలను వాట్సాప్‌లో పంపమంటారు, కంప్యూటరు తెర మీద ఇతరుల పేర్లతో ఉన్న ఫోల్డర్లు వచ్చినవారందరికీ కనబడుతూ ఉంటాయి. పని ముగిశాక మా పత్రాలు తొలగించమని అడిగితే నా ఎదుటే తొలగించారు, ఈమెయిల్‌లో ఆ మాట రాసి ఇచ్చారు కూడా. కాని అడగనివారి ఫైళ్ళు అలాగే ఉండిపోతాయని అనుకోవాలి. వెళ్ళేవారు ఈ షరతును ఫీజు కట్టేముందే మాట్లాడుకోవడం మంచిది.

తాము న్యాయవాదులము కామని వారు మొదటే చెబుతారు, ఫారంలో తయారుచేసినవారి గడిలో తమ పేరు రాసి సంతకం చేస్తారు. ఈ సంతకం పెట్టడానికి వెనకాడే ఆఫీసులకు దూరంగా ఉండాలి. గతంలో వీసా తిరస్కరణకు వేరే కారణాలు ఉన్నవారిని, అమెరికాలో గడువు మించి ఉన్నవారిని వీరు తీసుకోరు, అక్కడి లైసెన్సు ఉన్న అటార్నీ దగ్గరికి పంపేస్తారు. మిగిలినవారు కాన్సులేట్ లేదా ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చిన అసలు కాగితాన్ని, స్పాన్సర్ చివరి పన్ను రిటర్నును, ఆయన ఇంట్లో ఎవరెవరు ఆధారపడి ఉన్నారన్న వివరాన్ని వెంట తీసుకువెళితే, జాయింట్ స్పాన్సర్ కావాలో వద్దో మొదటిసారి కూర్చున్నప్పుడే తేల్చి చెబుతారు.