డబ్బా కొనాలా, యాప్ సరిపోతుందా?

సంక్రాంతి సెలవుల్లో హనుమకొండలోని మా ఇంటికి వచ్చిపోయిన చుట్టాల్లో ముగ్గురు ఇదే అడిగారు. బీరువా మీద పేర్చిన బోర్డు ఆటల డబ్బాలు చూస్తారు, ఒకటి దించి ధర అడుగుతారు, చెప్పగానే ఫోన్ బయటికి తీస్తారు. "ఇదే ఆట ఫోన్ల నాలుగైదు వందలకు వస్తుంటే ఇన్ని పైసలెందుకు అక్కా?" మొన్న ఆఫీసులో నాలుగో మనిషి కూడా అదే మాట అనేసరికి, ప్రతిసారీ నోటితో చెప్పేకంటే రాసి పెడితే నయమనిపించింది.

పైసల సంగతి ముందే తేల్చేస్తాను, ఎందుకంటే నా దృష్టిలో అది పెద్ద విషయం కాదు. మంచి డబ్బా ఒకటి రెండు వేల నుంచి నాలుగు వేల దాకా పడుతుంది, యాప్‌కు అందులో చిన్న భాగం చాలు. అయితే డబ్బా ఒకటి కొంటే ఇంటిల్లిపాదీ ఆడతారు. యాప్ అయితే ఎవరి ఫోన్‌లో వాళ్ళు కొనుక్కోవాల్సి రావచ్చు, లేదంటే ఒక్క ట్యాబ్‌ను చేతులు మార్చుకుంటూ కూర్చోవాలి. మా కటాన్ డబ్బా మూడేళ్ళలో ఎనభై సార్లయినా తెరిచి ఉంటాం. ఒక్కో ఆటకు ఒక ప్లేటు మిర్చి బజ్జీల ఖర్చు పడింది, అంతే.

నేను చూసేది వేరే. పక్కవాళ్ళ వంతు నడుస్తున్నప్పుడు నేనేం చేస్తున్నాను? నలుగురు ఆడే ఆటలో గంటకు నా వంతు పావుగంటే. మిగతా ముప్పావుగంట వేరేవాళ్ళది. ఆ ముప్పావుగంట నేను ఆటలోనే ఉన్నానా, లేక స్టవ్ మీద పెట్టిన పాలు గుర్తొస్తున్నాయా? ఆటలో ఉంటే దానికి డబ్బా కొంటాను. పాలు గుర్తొస్తే యాప్ చాలు.

కటాన్‌తోనే మొదలుపెడతాను. సరుకుల ముక్కలు కూడబెట్టి, ఒకరితో ఒకరు మార్చుకుని దారులు, ఊళ్ళు కట్టే ఆట ఇది. 1995లో జర్మనీలో వచ్చింది, తయారుచేసిన క్లాస్ టాయ్‌బర్ అప్పటికి పళ్ళు కట్టే టెక్నీషియన్. మా ఇంట్లో వుల్, గ్రెయిన్ అని ఎవరూ అనరు. గొర్రె, వడ్లు, కట్టె, ఇటుక, రాయి. పోయిన ఎండాకాలం ఒక రాత్రి నాకు దారి వేయడానికి ఇటుక ఒక్కటే తక్కువైంది. ఇటుకలన్నీ అత్తమ్మ చేతిలో ఉన్నాయి.

"అత్తమ్మా, రెండు గొర్రెలిస్త, ఒక ఇటుక ఇయ్యరాదు?"

ఆమె ముక్కలు ఒకసారి సర్దుకుని, నా వైపు చూడకుండానే అంది: "గొర్రెలు నేనేం జేసుకోను? వడ్లియ్యి."

వడ్లు నా దగ్గర లేవు. లేవని ఆమెకు తెలుసు. మా పాప మధ్యలో దూరి, "నానమ్మా, నా దగ్గరున్నయ్ వడ్లు, ఆ ఇటుక నాకియ్యి" అంది. అది కుదరదు, వంతు నాది కాబట్టి బేరం ఎవరు చేసినా నాతోనే చేయాలి. రెండు నిమిషాలు ఆలోచించి పాపే దారి చెప్పింది. నేను దానికి రెండు గొర్రెలిచ్చి వడ్లు తీసుకోవాలి, ఆ వడ్లు నానమ్మకు ఇవ్వాలి. సరేనని మార్చుకుని అత్తమ్మ ముందు వడ్ల ముక్క పెట్టాను. "ఇందాక ఒకటన్న. ఇప్పుడు రెండు" అంది అత్తమ్మ. వాళ్ళ నాయన మిర్చి బస్తాలతో ఎనుమాముల మార్కెట్‌కు పోయి వచ్చి చెప్పే బేరాలు వింటూ పెరిగిన మనిషి. మధ్యలో మూడో మనిషి రాగానే ధర పెంచాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఆ ఒక్క వంతుకు ఐదారు నిమిషాలు పట్టింది. ఆ ఐదారు నిమిషాలు మావారితో సహా నలుగురం బల్ల మీదికి వంగే ఉన్నాం. ఇదే బేరం ఫోన్‌లో ఎట్లా ఉంటుందంటే, రెండు గొర్రె బొమ్మలు నొక్కుతాను, ఒక ఇటుక బొమ్మ నొక్కుతాను, అవతల ఎర్ర గుర్తు పడుతుంది. అయిపోయింది. కంప్యూటర్ ఆటగాడైతే ఆ ఎర్ర గుర్తు అర సెకనులో వస్తుంది, ఎందుకు వద్దన్నావని దాన్ని తిట్టడానికి కూడా ఉండదు.

అయినా కటాన్ విషయంలో యాప్‌కు మేం రుణపడి ఉన్నాం. దాదాపు ఎనిమిది నెలలు ఒక తప్పుతో ఆడాం. పాచికలు ఏడు పడినప్పుడు చేతిలో ఏడు ముక్కలున్నవాళ్ళు కూడా సగం పారేయాలని మా నమ్మకం. రూల్స్ పుస్తకం మొదటిరోజు చదివింది మావారు, ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టలేదు. ఒకరోజు ఫోన్‌లో ఒంటరిగా ఆడుతుంటే నా చేతిలో సరిగ్గా ఏడున్నాయి, ఏడు పడింది, యాప్ ఒక్క ముక్క కూడా అడగలేదు. యాప్ చెడిపోయిందనుకున్నాను. పుస్తకం తీసి చూస్తే ఏడుకు మించి ఉంటేనే పారేయాలట. ఆ ఎనిమిది నెలల్లో నేను పోగొట్టుకున్న ఇటుకల లెక్క మావారితో ఇప్పటికీ తేలలేదు.

కాబట్టి డబ్బా కొన్నా, మొదటి రెండు ఆటలు ఫోన్‌లోనో వెబ్‌సైట్‌లోనో ఆడి చూడమంటాను. డబ్బా తప్పును తప్పని చెప్పదు.

ఇక టికెట్ టు రైడ్. అలన్ ఆర్. మూన్ చేసింది, 2004 నాటిది. రంగు ముక్కలు కూడబెట్టి మ్యాప్ మీద ఊళ్ళ మధ్య బొమ్మ రైళ్ళు పెడుతూ, చేతికొచ్చిన టికెట్లోని ఊళ్ళను కలపాలి. ఇది మా మామయ్య ఆట. కాజీపేట రైల్వేలో రిటైరైన మనిషి, ఏ లైను సికింద్రాబాద్‌కు, ఏది బల్లార్షాకు, ఏది విజయవాడకు అన్నది నిద్రలో లేపి అడిగినా చెప్తారు. మామూలు డబ్బాలో మ్యాప్ అమెరికాది. డులూత్ ఎక్కడో, సాల్ట్ లేక్ సిటీ ఎక్కడో వెతుక్కోవడం మొదట్లో ఆయనకు చికాకు. డాలస్ మాత్రం వెంటనే దొరికింది, చిన్న కొడుకు ఉండేది అక్కడే. అప్పటినుంచి టికెట్లో ఉన్నా లేకున్నా హ్యూస్టన్ నుంచి డాలస్‌కు ఒక రైలు పెట్టేస్తారు. వచ్చేది ఒక్క పాయింటు. పెట్టిన రైళ్ళు గీత గీసినట్టు ఉండాలి, ఎవరిది వంకరగా ఉన్నా వేలితో సరిచేస్తారు.

ఈ ఆటలో పక్కవాళ్ళ వంతు అర నిమిషం ఉంటుంది, కానీ ఆ అర నిమిషమే అసలు టెన్షన్. నాకు కావలసిన దారి వైపు ఎవరి చెయ్యి పోతుందా అని చూస్తూ ఉంటాం. మామయ్య చెయ్యి నాష్‌విల్ మీద ఒక్క క్షణం ఆగి పక్కకు జరిగితే నాకు ఊపిరి వస్తుంది. ట్యాబ్‌లో ఆ చెయ్యి కనిపించదు. దారి నిండిపోయాకే తెలుస్తుంది. పైగా ఆయనకు ఆకుపచ్చకూ నీలానికీ రాత్రి లైటులో తేడా సరిగా తెలియదు, తప్పు ముక్కలు దించితే "తీసుకోండి మామయ్యా" అంటాం. మేం ఆడిన యాప్‌లో వేలు తగిలిందంటే తగిలిందే.

యాప్ గెలిచేది రెండు చోట్ల. ఒకటి, ఇద్దరో ముగ్గురో ఆడేటప్పుడు పక్కపక్కన ఉన్న జంట దారుల్లో ఒకటే వాడాలన్న రూల్ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు, యాప్ రెండోదాన్ని తనే మూసేస్తుంది. రెండు, డబ్బాతో గంట పట్టేది ఫోన్‌లో ఇరవై నిమిషాలు. మావారు రాత్రి పదకొండింటికి కంప్యూటర్‌తో ఆడేది ఇదే. ఇండియా మ్యాప్ కూడా ఉంది. 2011లో ఒకే బోర్డుకు ఒకవైపు ఇండియా, ఇంకోవైపు స్విట్జర్లాండ్‌గా వచ్చింది, ఇండియా వైపు 1911 నాటి రైళ్ళ మీద. అది విడిగా ఆడేది కాదు, రైళ్ళు, ముక్కలు అసలు డబ్బాలోవే వాడుకోవాలి. తెలియక అదొక్కటే ఆర్డర్ పెట్టకండి.

వింగ్‌స్పాన్ దగ్గర నా మాట తిరగబడుతుంది. 2019లో వచ్చిన పక్షుల ఆట, చూడటానికి అన్నిటికంటే అందమైన డబ్బా, రంగురంగుల గుడ్లుంటాయి. పిల్లలు ఆ గుడ్ల కోసమే అడుగుతారు. కానీ 170 పక్షి కార్డులు, చాలావాటి మీద ఏదో ఒక ఇంగ్లిష్ వాక్యం. ఒకరు ఒక వరుస కదిపితే దానిలోని చాలా పక్షులు ఒకదాని తర్వాత ఒకటి ఏదో ఒకటి ఇస్తాయి, అది లెక్క పెట్టుకుంటూ వాళ్ళు వాళ్ళ బోర్డులో మునిగిపోతారు. మనకు అక్కడ పనిలేదు. పాలు పొంగేది ఈ ఆటలోనే. యాప్‌లో ఆ లెక్కంతా దానంతట అదే జరిగిపోతుంది, కార్డు వేయగానే ఆ పక్షి కూత కూడా వినిపిస్తుంది. దీనికి మాత్రం యాప్ కొనండి. నేను రెండూ కొన్నాను, గుడ్ల కోసమని పిల్లల మీద నెట్టేస్తున్నాను.

ఇంగ్లిష్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఇంట్లో పెద్దవాళ్ళు ఆడాలంటే చదవాల్సింది తక్కువున్న ఆట ఎంచుకోండి. అజూల్‌లో అక్షరం లేదు, ఐదు రంగుల బిళ్ళలు, రంగుకు ఇరవై. సంచిలో చెయ్యి పెట్టి తీస్తుంటే చింతగింజల ఆట గుర్తొచ్చి అత్తమ్మ వెంటనే కూర్చుంది. దాన్ని ఫోన్‌లో ఆడి ఏం లాభం? రత్నాలు కూడబెట్టే స్ప్లెండర్ ఎందులోనైనా ఒకటే, ఫోన్‌లో ఇంకా తొందరగా అయిపోతుంది.

పలకలు పక్కపక్కన పేర్చి కోటలు, దారులు, పొలాలు పెంచుకునే కార్కసాన్ డబ్బా మా ఇంట్లో మూడో అరలో దుమ్ము పట్టింది, ఆట మాత్రం రోజూ నడుస్తోంది. డాలస్‌లో ఉన్న మా మరిదితో బోర్డ్ గేమ్ అరీనా వెబ్‌సైట్‌లో ఆడతాను. 2010లో ఫ్రాన్స్‌లో మొదలైన సైటు, వెయ్యికి పైగా ఆటలున్నాయి. వాటిలో చాలా ఆటలు ఉచితం. డబ్బు కట్టాల్సిన ఆటలకు కూడా ఒక్కరు కడితే చాలు, వాళ్ళు టేబుల్ తెరిచి మిగతావాళ్ళను పిలవచ్చు. మాకూ వాళ్ళకూ టైము తేడా కాలాన్ని బట్టి పదిన్నర గంటలో పదకొండున్నర గంటలో, కలిసి కూర్చోవడం కుదిరే పని కాదు. అందుకని రోజుకు ఒకటో రెండో పలకలు. మొత్తం 72 పలకలు, కాబట్టి ఒక ఆట నెలకు పైగా సాగుతుంది. పొద్దున టీ పెట్టుకుంటూ చూస్తే నేను పదిరోజులుగా కడుతున్న కోట పక్కన ఒక పలక వేసి, ఇంకో పలక పడితే వాటా కలిపేసుకునేట్టు చేసి ఉంటాడు. కింద "సారీ వదినా" అని ఒక మెసేజ్. వాడి వంతు నడిచేటప్పుడు నేను నిద్రపోతున్నాను, నా కొలత ప్రకారం ఈ ఆట ఫెయిలవ్వాలి. అయినా టీ మరిగేలోపు ఆ కోట గురించి మామయ్యకు కూడా చెప్పేస్తాను. చివర్లో పొలాల లెక్క సైటే చూసుకుంటుంది, అది అదనపు సుఖం. ఇంట్లో ఆడిన రోజుల్లో ఏ పొలం ఎవరిదో తేలక ఆట చివర ప్రతిసారీ పంచాయితీ.

బోర్డు ఆటలను కంప్యూటర్ తెర మీద పరిచే టేబుల్‌టాప్ సిమ్యులేటర్ అనే ప్రోగ్రాం గురించి కూడా ఒకరు అడిగారు. మంచి కంప్యూటర్ కావాలి, రూల్స్ అది చూసుకోదు, ముక్కలు మౌస్‌తో మనమే కదపాలి. ఇంట్లో నలుగురు ఒకే గదిలో ఉంటే దానితో పనిలేదు.

డబ్బా కష్టాలు దాచను. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఫ్యాన్ ఆపి కూర్చోలేం, ఫ్యాన్ కింద ముక్కలు నిలవవు. మేం కప్పు సాసర్లు బరువు పెడతాం. సంక్రాంతికి సకినాలు తిన్న చేతులతో ఆడి రెండు వడ్ల ముక్కలకు నూనె మరక పట్టించాం, ఇప్పుడు అవి ఎవరి చేతిలో ఉన్నాయో వెనకనుంచే తెలుస్తుంది. కొన్న రోజే ప్లాస్టిక్ తొడుగులు వేయాల్సింది. టికెట్ టు రైడ్‌లో ఒక్కొక్కరికి 45 రైళ్ళుండాలి, పచ్చ రంగులో రెండు పోయాయి. డబ్బాతోపాటు కొన్ని అదనంగా వస్తాయి కాబట్టి బతికిపోయాం.

యాప్‌కు ఆ బాధ లేదు, కానీ దానికి వేరే గండం ఉంది. పాండెమిక్ ప్రపంచమంతా పాకే జబ్బులను ఆపడానికి అందరూ కలిసి ఒకవైపు ఆడే ఆట, 2008లో వచ్చింది. దాని మ్యాప్‌లో చెన్నై, ముంబై, ఢిల్లీ, కోల్‌కతా ఉన్నాయి, మన హైదరాబాద్ లేదు. దాని డిజిటల్ రూపాన్ని 2022లో స్టోర్ల నుంచి తీసేశారు. కొత్తగా కొందామంటే అక్కడ లేదు. డబ్బా మాత్రం మా బీరువా మీదే ఉంది. ఈ ఆటలో ఎవరి వంతైనా నలుగురూ మాట్లాడాల్సిందే కాబట్టి నేనెట్లాగూ డబ్బానే చెప్పేదాన్ని.

ఒక్కటే డబ్బా కొనేటట్టయితే, ఇంట్లో పెద్దవాళ్ళుంటే టికెట్ టు రైడ్. బేరాలాడే నోళ్ళుంటే కటాన్. ఇద్దరే ఉంటారు, అదీ రాత్రి పదింటి తర్వాతే అంటే ముందు యాప్‌తో ఆరు నెలలు గడపండి.

అడిగిన ముగ్గురిలో మా చిన్నమ్మ కూతురు కటాన్ డబ్బా తెప్పించుకుంది. పోయిన ఆదివారం రాత్రి పదిన్నరకు కరీంనగర్ నుంచి ఫోన్ చేసింది.

"అక్కా, ఏడు పడితే ఏడు ముక్కలున్నోళ్ళు గూడ పారెయ్యాల్నా?"

"లేదు, ఎనిమిదుంటేనే."

అది నాకు జవాబు చెప్పకముందే వెనకనుంచి వాళ్ళాయన గొంతు వినిపించింది: "నేను జెప్పలేదా!"